దేవునర్ర బత్తి, నా తడికాళ్ల భక్తి

మనిషన్నాక తప్పులు చేస్తాడు. కొందరు దారి తప్పుతారు, కొందరు మాట తప్పుతారు. నేను మాత్రం కరెంటుకు హారతి ఇచ్చాను. ఒక్కరోజు కాదు, దగ్గర దగ్గర ఏడాదిపాటు, ప్రతి శుక్రవారం, పసుపు కుంకుమలతో. అది చాలదని వీధిలో ఆడవాళ్లను పిలిచి వాళ్ల చేత కూడా దండాలు పెట్టించాను. ఆ భక్తి పండి పండి చివరికి మా ఇంట్లో ఎంత ఘోరం జరగబోయిందో చెబుతాను, వినండి. నవ్వుకోండి, నాకేమీ బాధ లేదు. కాకపోతే నవ్వే ముందు ఒకసారి మీ కాళ్ల కింద తడి ఉందేమో చూసుకోండి.

ముందుగా నా చదువు సంగతి చెప్పాలి, ఎందుకంటే తప్పులో సగం దానిదే. మాది అచ్చంపేట అవతల చిన్న ఊరు. బడి దూరం, మధ్యలో వాగు. అందుకని మా బాపు నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి పలక మీద అక్షరాలు దిద్దించాడు, కూడికలూ తీసివేతలూ నేర్పాడు, పురాణాలు చదివించాడు. ఆయన్ని తలచుకోకుండా ఇప్పటికీ నేను పుస్తకం తెరవను. ఏ దేవుడి వాహనం ఏదో, ఏ రాక్షసుడికి ఏ వరముందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కరెంటు గురించి మాత్రం బాపుకే తెలియదు, ఇక నాకేం చెబుతాడు? స్విచ్చి వేస్తే బల్బు వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది. నా విద్యుత్ శాస్త్రం అంతటితో సమాప్తం.

అంత చదువుతో కల్వకుర్తిలో కోడలిగా అడుగుపెట్టాను. శ్రీశైలం రోడ్డు మీంచి లోపలికి నాలుగు సందులు తిరిగితే మా అత్తగారిల్లు. మామగారు బతికున్నప్పుడు కట్టించిన మిద్దె. ఆ ఇంటి వైరింగు ఇంటికంటే వయసులో పెద్దదేమో అనిపించేది. గోడల వెంట చెక్క పట్టీలు, వాటి మీద పక్కపక్కనే పాకే రెండు వైర్లు. ఏటేటా వేసిన సున్నం పొరలు పొరలుగా పేరుకుని ఏది గోడో, ఏది వైరో, ఏది పాకే బల్లో పోల్చుకునే వీలు లేదు. కరెంటు రావడానికొక తీగ, పోవడానికొక తీగ. దారి తప్పిన కరెంటును నేలలోకి పంపే మూడో తీగ ఒకటి ఉండాలని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ప్లగ్గులకూ లేదు, బల్బులకు అసలే లేదు.

మావైపు పూజగదిని దేవునర్ర అంటాం. మా దేవునర్రలో ఎల్లమ్మ తల్లి పటం ముందు ఒక ఇత్తడి బత్తి వేలాడేది. బోర్లించిన గిన్నెలా ఉండి, లోపల బల్బు. మామగారు పట్నం నుంచి మోసుకొచ్చి గొలుసుతో వేలాడదీశారట. పొద్దున్నే ఆ బత్తి వేస్తే గదంతా పలచటి తేనె రంగు వెలుగు పరుచుకునేది. అగరొత్తుల పొగ ఆ వెలుగులోకి మెల్లగా లేచి, అక్కడే కాసేపు ఆగి, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు తిరిగి, పైకి పోయేది. నేను అలా చూస్తూ నిలబడిపోయేదాన్ని. పొయ్యి మీద పాలు ఎన్నిసార్లు పొంగిపోయాయో ఆ తల్లికే తెలుసు.

తెలంగాణ వచ్చిన రెండో ఏడో మూడో ఏడో, ఒక శుక్రవారం. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. తలస్నానం చేసి, షాబాద్ బండలు కడిగి, జుట్టు కొసల నుంచి నీళ్లు కారుతుండగా దేవునర్రలో నిలబడ్డాను. ఇత్తడి గిన్నెకు బొట్టు పెడదామని మునివేళ్ల మీద లేచి తాకాను.

జివ్వుమంది.

ఎలా చెప్పను? చీమల బారు ఒకటి పట్టు పరికిణీలు కట్టుకుని వేలి కొస నుంచి మోచేతి దాకా ఊరేగింపుగా వెళ్లినట్టనిపించింది. ఒళ్లు గగుర్పొడిచింది. కళ్లెత్తి చూస్తే పటంలో అమ్మ నవ్వుతోంది. అమ్మ ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది, పటం అలాగే అచ్చువేశారు. కానీ ఆ రోజు నన్ను చూసి నవ్వినట్టు అనిపించింది. "తల్లీ, నన్ను ముట్టినవా?" అని అక్కడే కూలబడి కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. నేను మాత్రం పరీక్ష పెట్టాను. నన్ను గుడ్డి నమ్మకస్తురాలని అనుకోకండి, ఎంతో శాస్త్రీయంగా పెట్టాను. స్నానం చేయకుండా పొడి చేత్తో తాకి చూశాను. ఏమీ లేదు. స్నానం చేసి, తడి కాళ్లతో, కడిగిన బండ మీద నిలబడి తాకాను. జివ్వుమంది! అంటే శుచిగా ఉంటేనే అమ్మ ముడుతుందన్నమాట. ఎండాకాలంలో బండలు తొందరగా ఆరిపోయి జివ్వు తగ్గింది. అమ్మ పుట్టింటికి పోయిందనుకున్నాను. వానాకాలంలో గోడలు చెమ్మగిల్లి జివ్వు పెరిగింది. అమ్మ చల్లబడి హుషారుగా ఉందనుకున్నాను. మా ఆయన కృష్ణయ్య చెక్క స్టూలెక్కి బల్బు మార్చాడు. ఏమీ కాలేదు. ఆయన దేవుడి గదిలో కూడా వానల గురించి, వేరుశనగ గురించే ఆలోచిస్తాడు కాబట్టి అమ్మ పట్టించుకోలేదని తేల్చాను. అనుమానం పెనుభూతమంటారు. అంతకంటే పెద్ద భూతం నమ్మకానికి దొరికిన రుజువు.

ఈ సంగతి మా అత్తమ్మకు చెప్పాను. ఆమెకు మోకాళ్ల నొప్పి. ఎక్కడికి పోయినా చెక్క పీట వెంట ఉంటుంది. దేవునర్రలోనూ ఆ పీట మీద కూర్చునే పూజ. నా మాట విని ఆ పీట మీదే లేచి నిలబడి బత్తిని తాకింది.

"ఏమన్నా అయితాందా అత్తమ్మా?"

"ఏం గాలే."

"జర గట్టిగ ముట్టుండ్రి."

"ఇంకెంత గట్టిగ ముట్టాలె? పీకి చేతులవెట్టుకోనా? నలపై ఏండ్లసంది కొలుస్తాన. నిన్నగాక మొన్నొచ్చిన నిన్ను ముడ్తదా, నన్ను ముట్టదా?"

"మనసు నిమ్మళంగ ఉండాలె అత్తమ్మా."

"నా మనసుకేమైందే? నువ్వొచ్చినసంది గట్లయింది గని, అంతకుముందు నిమ్మళంగనే ఉండె!"

అప్పుడు నాకు పాపం జాలేసింది. ఆ జాలిలో చిటికెడు గర్వం కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. బడి గడప తొక్కని కోడలు ఏం మాట్లాడినా "నీకేం తెలుసు" అనే ఆ ఇంట్లో, నాకే తెలిసింది, నన్నే ముట్టింది! పక్కింటి శాంతమ్మకు చెవిలో చెప్పాను. శాంతమ్మ చెవిలో చెప్పడమంటే మైకులో చెప్పడమే. ఆమె తలస్నానం చేసి వచ్చి తాకి, "అమ్మో! జుమ్మన్నది!" అని కేక పెట్టింది. ఇక శుక్రవారం వచ్చిందంటే చాలు, ఇద్దరో ముగ్గురో తడి కాళ్లతో మా గుమ్మంలో ఉండేవారు. నా మాటకు విలువ వచ్చింది. సొరకాయ పులుసులో బెల్లం ఎంత వేయాలో కూడా నన్నే అడగసాగారు.

అదే సమయంలో నా ఆడబిడ్డ పద్మ ఏడో నెలలో పుట్టింటికి వచ్చింది. పెళ్లయిన ఎనిమిదేళ్లకు నిలిచిన కడుపు. ఆ ఎనిమిదేళ్లలో తిరగని దవాఖాన లేదు, మొక్కని మొక్కు లేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుని, గాజు గిన్నె మోస్తున్నట్టు నడిచేది. ఆమె కోసం కూలరు పెట్టాలి, ఫ్రిజ్జు పెట్టాలి. పాత వైర్లు మోయవని మా ఆయన ఖాజా భాయ్‌ని పిలిపించాడు.

ఖాజా భాయ్ యాభై దాటిన మనిషి. వీధిలో సగం ఇళ్లకు ఆయనే కరెంటు పని చేస్తాడు. తెల్ల గడ్డం, చెవి వెనక పెన్సిలు, జేబులో టెస్టరు. వచ్చి గోడలన్నీ తట్టి చూసి తల పట్టుకున్నాడు.

"చెల్లె, గిది వైరింగా, సాలెగూడా? ఎర్తు తీగె యాడ?"

"అంటే ఏంది భాయ్?"

"కరెంటు తప్పి ఇనుము మీదికో, ఇత్తడి మీదికో వచ్చిందనుకో. ఎర్తు తీగె ఉంటె సక్కగ భూమిలకు పోతది. లేకపోతె ముట్టినోళ్ల పెయ్యిలకెల్లి పోతది. ఫ్రిజ్జుకే గాదు, బత్తీలకు గూడ ఉండాలె. అన్నీ పీకి కొత్తగ ఏస్త. పెరట్ల గుంత తవ్వి, ఉప్పు బొగ్గు ఏసి ఎర్తింగ్ జేస్త. దేవునర్రల ఆ ఇత్తడి బత్తి గూడ దించాలె."

బత్తి దించితే అమ్మ ఏమవుతుంది? నా పరువేమవుతుంది? ఏనాడూ అబద్ధమాడని నేను, దేవుడి గది గుమ్మంలో నిలబడి అబద్ధమాడాను.

"వద్దు భాయ్. దేవునర్రల మా అత్తమ్మ మొక్కున్నది. మొక్కు తీరెదాక ఆ బత్తి ముట్టొద్దన్నది."

ఖాజా భాయ్ వెంటనే రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు. "దేవుని సంగతైతె నేనేం మాట్లాడ. మొక్కు తీరినంక చెప్పు, వచ్చి చేస్త. గని ఒక్క మాట చెల్లె. కాళ్లు తడున్నప్పుడు దాన్ని ముట్టకుండ్రి. జర పైలం."

పాపం మంచి మనిషి, అమ్మ మహిమ ఆయనకేం తెలుసు అనుకున్నాను. చూశారా, చెవిలో పోసిన మంచిమాటను చెవి దులుపుకునే లోపల మరిచిపోవడమంటే అదే.

వారం రోజుల్లో ఇల్లంతా కొత్త వైర్లు, తెల్లటి స్విచ్చులు. దేవునర్ర ఒక్కటీ పాత తీగల మీదే మిగిలింది. శుక్రవారం వచ్చింది. ఖాజా భాయ్ పెరట్లో గుంత తవ్వుతున్నాడు. లోపల మా ఏర్పాట్లు మావి. ఆ రోజు పద్మకు అమ్మ ముట్టుడు ఇప్పించాలి. బండలు మూడుసార్లు కడిగాం. శాంతమ్మతో పాటు ఇంకో ఇద్దరు వచ్చారు. అత్తమ్మ తన పీట మీద కూర్చుంది. పద్మ తలంటి పోసుకుని, పసుపు చీర కట్టుకుని, జుట్టు విరబోసుకుని వచ్చింది. తేనె రంగు వెలుగులో ఆమె ముఖం చూస్తే, ఎనిమిదేళ్ల ఎదురుచూపు అంతా కరిగి ఆ రెండు కళ్లలోకి దిగినట్టుంది.

"వదినె, నొప్పి గిట్ల ఉంటదా?"

"నొప్పెందుకుంటది పద్మా? తల్లి బిడ్డను ముట్టినట్టుంటది."

"కడుపుల బిడ్డకు గూడ తగులుతదా?"

"తగలాలెననే గద మన తండ్లాట!"

ఈ మాట తలచుకుంటే ఇప్పటికీ నాలుక కరుచుకుంటాను. ఆ ఎల్లమ్మ తల్లి నన్ను ఎలా క్షమించిందో, ఎందుకు క్షమించిందో!

"ముందుగాల నేను ముడ్త, సూడు," అని ముందుకు జరిగాను. మామూలుగా అయితే వేలి కొసతో తాకేదాన్ని. ఆ రోజు పద్మకు ధైర్యం చెప్పాలని, తడి అరచేత్తో ఇత్తడి గిన్నెను నిండుగా పట్టుకున్నాను.

ఈసారి జివ్వుమనలేదు. ఫెళ్లుమంది. పట్టు పరికిణీల చీమలు కావు, ఎద్దుల మంద ఒకటి భుజం మీదుగా పరుగెత్తింది. ఎగిరి వెనకనున్న బియ్యం డబ్బా మీద పడ్డాను. జుట్టు విడిపోయింది, పళ్లు టకటకలాడాయి, గుడ్లు తేలేశాను. అంత అయోమయంలోనూ ఒక్క సంగతి మాత్రం స్పష్టంగా తెలిసింది. ఏ తల్లీ బిడ్డను ఇలా కొట్టదు. ఖాజా భాయ్ చెప్పిన మాట అప్పుడు, ఏడు రోజులు ఆలస్యంగా, నా చెవిలో పడింది.

"అమ్మ పూనింది!" అని శాంతమ్మ కేక.

"వద్దు! ముట్టకుండ్రి!" అని నేను అరిచాను.

"ముట్టొద్దంటాంది! ఏం తప్పైంది తల్లీ?"

"అబద్ధం! అబద్ధమాడిన!"

"అబద్ధమాడినోళ్లు ఎవ్వలో గీడనే ఉన్నరంట!"

వచ్చిన ఇద్దరిలో ఒకావిడ గబుక్కున చెంపలు వేసుకుంది. "తల్లీ, శాంతమ్మ కోడి సంగతి నాకు నిజంగ తెల్వదు!"

"ఏ కోడి?" అని శాంతమ్మ అటు తిరిగింది.

మా అత్తమ్మ పీట మీద నుంచే చేతులు జోడించింది. "తల్లీ, ఇన్నొద్దులకు మా ఇంట్ల మాట్లాడినవ్. ఆడపిల్లనా, మొగపిల్లగాడా, గదొక్కటి చెప్పిపో!"

నాకు నాలుక సరిగా తిరగడం లేదు. ఉన్న బలమంతా కూడగట్టుకుని అరిచాను. "ఖాజా భాయ్! ఖాజా భాయ్‌ని పిలువుండ్రి! జల్ది!"

కోడి సంగతి తెలియనావిడ మెల్లగా అంది. "అమ్మ వస్తె కల్లడుగుతది, నిమ్మకాయలడుగుతది. గీ అమ్మ ఖాజా భాయ్‌ని అడుగుతాందేందే?"

"అడిగింది తేవాలె! ఎందుకని అడగొద్దు!" అని శాంతమ్మ పెరట్లోకి ఉరికింది.

ఇంతలో పద్మ. అమ్మ మహిమ మంచి ఊపు మీదున్నప్పుడే తన బిడ్డకూ ఇప్పించాలనుకుందో ఏమో, కళ్లు మూసుకుని, "నాకు గూడ ఇయ్యి తల్లీ," అంటూ తడి చెయ్యి బత్తి వైపు ఎత్తింది. వేళ్లకూ ఇత్తడికీ మధ్య జానెడు. ఆ జానెడు నాకు ఇవాళ్టికీ కలలో వస్తుంది. బియ్యం డబ్బా మీద నుంచి ఎలా లేచానో తెలియదు. మోకాళ్ల మీద పాకి, ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కిందికి లాగాను. పద్మ మెల్లగా నా ఒళ్లో కూలబడింది. వదలలేదు నేను. ఏడుస్తూ ఆమె చేతిని నా గుండెకు అదుముకున్నాను.

"అమ్మ పద్మ చెయ్యి పట్టింది!" అని మిగిలిన ఇద్దరూ గంట కొట్టి, మా ఇద్దరి మీదా చెంబెడు పసుపునీళ్లు గుమ్మరించారు. తడి చాలలేదన్నట్టు!

శాంతమ్మ ఖాజా భాయ్‌ని లాక్కొచ్చింది. ఆయన చేతుల నిండా మట్టి, ముఖం నిండా భయం. "నన్ను అమ్మ పిలుస్తాందా? ఎందుకు పిలుస్తది? నేనేం జేసిన?" అంటూనే గడప బయట నిలబడి లోపలికి చూశాడు. పారుతున్న నీళ్లు, గొలుసు మీద ఊగుతున్న బత్తి, తడిసి ముద్దయిన మేం.

"తౌబా! ఎవ్వలు కదలకుండ్రి! ఆ బత్తి దిక్కు చెయ్యి ఎత్తకుండ్రి!" అని వెనక్కి తిరిగి మెయిన్ దగ్గరికి ఉరికాడు. టక్కుమంది. బత్తి ఆరిపోయింది. కిటికీలోంచి పొద్దుటి వెలుతురు తెల్లగా, చల్లగా లోపలికి వచ్చింది. నేను పద్మ చెయ్యి వదిలి హమ్మయ్య అని కళ్లు మూసుకున్నాను.

"సూసిండ్రా?" అంది శాంతమ్మ, గొంతు తగ్గించి. "ఖాజా భాయ్ రాంగనే అమ్మ శాంతించింది."

అందరినీ బయటికి పంపి, ఖాజా భాయ్ మెయిన్ మళ్లీ వేసి, అత్తమ్మ పీట తీసుకుని, దాని మీద నిలబడి ఇత్తడి గిన్నెకు టెస్టరు ఆనించాడు. టెస్టరులో ఎర్రటి బుడ్డి నిగనిగా వెలిగింది. గుమ్మంలోంచి తొంగిచూస్తున్న ఆడవాళ్లు దానికీ దండం పెట్టారు.

"దండం గాదు, దూరం జరగుండ్రి! లోపల తీగె రబ్బరు ఊడి ఇత్తడికి ఆనింది. చెల్లె, ఎన్నొద్దులసంది గిట్ల కొడ్తాంది?"

"ఏడాదైంది భాయ్."

"ఏడాదా! తానం జేసి ముడితెనే కొడుతుండెనా?"

"అవును."

"బండ తడుంటెనే కొడుతుండెనా?"

"అవును."

"పీట మీదున్నోళ్లను కొట్టకపోతుండె గద?"

"లేదు," అన్నాను. ఒక్కొక్క ప్రశ్నకూ నా ఏడాది వేదాంతం ఒక్కొక్క మెట్టు దిగి, చివరికి పెరట్లో ఆయన తవ్విన గుంతలో పడింది. తలెత్తలేక అసలు నిజం చెప్పేశాను. "అత్తమ్మ మొక్కేం లేదు భాయ్. నేనే అబద్ధం జెప్పిన. తప్పైంది."

ఆయన కోప్పడలేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ పద్మను చూసి, తర్వాత నన్ను చూసి, "అల్లా సల్లంగ సూసిండు," అని మాత్రం అన్నాడు. నేను అమ్మకు దండం పెట్టుకున్నాను. ఇద్దరం ఒకరికే థాంక్సు చెప్పుకున్నామని నా నమ్మకం.

మా అత్తమ్మ తన పీటను తిరగేసి చూసింది. తర్వాత అంది. "అంటె అనసూయా, నన్ను అమ్మ ముట్టకపోవుడే నా పున్నెమన్నట్టా?"

"అవునత్తమ్మా."

"నా మనసు మంచిదే గద?"

"మీ మనసూ మంచిదే, పీటా మంచిదే."

ఆ మాట ఆమె ఇప్పటికీ చుట్టాలకు చెప్పుకుంటుంది.

ఆ సాయంత్రానికే దేవునర్రలో కొత్త తీగలు, పక్కనే ఆకుపచ్చ ఎర్తు తీగ. ఇత్తడి బత్తి తీసి కొత్త బల్బు పెట్టారు. అగరొత్తుల పొగ ఆ తెల్లటి వెలుగులోనూ అలాగే తిరుగుతుంది. రెండు నెలలకు పద్మకు ఆడపిల్ల పుట్టింది, బంగారు బొమ్మలా. ఇక్కడితో కథ అయిపోవాలి. కానీ మా వీధి గురించి మీకు తెలియదు.

ఒకరోజు ఖాజా భాయ్ చేతిసంచి నిండా కొబ్బరికాయలు మోసుకుంటూ మా గుమ్మంలో కూలబడ్డాడు.

"చెల్లె, ఏం జేసినవ్ నన్ను? తిరుమలగిరి దిక్కునుంచి గూడ వస్తుండ్రు. 'పిల్లలైతలేరు, అమ్మ పేరువెట్టి పిలిచిన భాయ్ నువ్వేనట గద, తాయెత్తు గట్టు' అంటుండ్రు. శాంతమ్మనే పంపుతాంది! గిది షాక్, గిది కరెంటు అని ఎంత చెప్పినా ఇంటలేరు."

"మరి వాళ్లకేం చెప్తున్నవ్ భాయ్?"

ఆయన గడ్డం సవరించుకుని సిగ్గుగా నవ్వాడు. "తాయెత్తు నాతోని గాదు, దవాఖానకు పోండ్రి అంటున్న. గని పొయ్యేముందు అడుగుతున్న. మీ ఇంట్ల బత్తీలకు ఎర్తు తీగె ఉన్నదా? లేకపోతె ముందుగాల అది ఏపిచ్చుకోండ్రి అని. గదొక్కటి మాత్రం మంచిగ ఇంటుండ్రు."

విన్నారా? ఊరంతా తిరిగి చెప్పినా ఎవరూ వినని మాటను అమ్మ ఒక్క శుక్రవారంతో వినిపించింది. ఆ ఏడు గడిచేసరికి మా వీధిలో ఉప్పూ బొగ్గూ పాతిపెట్టని పెరడు లేదు. మహిమ లేదని ఎవరనగలరు? నేనైతే అనను.

అయినా చేసిన తప్పు తప్పే. కాబట్టి ఎల్లమ్మ తల్లి ఎదుట, ఖాజా భాయ్ టెస్టరు సాక్షిగా, రెండు చెంపలూ వేసుకుని ప్రమాణం చేస్తున్నాను. అమ్మ నిజంగా ముట్టాలనుకుంటే పీట మీదున్నా ముడుతుంది, చెప్పులేసుకున్నా ముడుతుంది. అలా కాక, తడి కాళ్లవాళ్లను మాత్రమే ఏరుకుని ముట్టేది ఎంతటి దేవతైనా సరే, ముందు మెయిన్ బంద్ చేస్తాను. దండం ఆ తర్వాతే.